మలుపులో దగ్గు

పెట్రోలు బళ్లు పోయి కరెంటు బళ్లు వచ్చాక కాకినాడ రోడ్లకు మాట పడిపోయింది. కొత్త స్పోర్ట్స్ బైకు కొన్నవాళ్లు ముందు దానికో చప్పుడు ఎంచుకుంటారు. వకుళకు పులి గాండ్రింపులూ విమానాల హోరూ నచ్చలేదు. చనిపోయిన అన్న దినకర్ పాత బండి చప్పుడు ఒక వీడియోలో మిగిలితే, దాన్నే పెట్టించుకుంది.

మలుపు తిరిగేటప్పుడల్లా ఆ పాత బండి ఒకసారి దగ్గేది. కొత్త బండి మనిషికి అలవాటు పడేదాకా నడకలో లోపాలన్నీ తనే సరిచేసుకుంటుంది. దగ్గు కూడా లోపమే అనుకుని రోజూ చెరిపేసేది.

"ఇది కూడా నేర్చుకోవే మొద్దూ," అని వకుళ రోజూ మళ్లీ పెట్టేది. చివరికి బండే దారికొచ్చింది. అప్పటిదాకా ఆఫీసు దగ్గరే దాచిన బండిని, ఆ సాయంత్రం మొదటిసారి ఇంటికి తెచ్చింది.

సందు మలుపులో బండి దగ్గింది.

వకుళ వచ్చేసరికి అమ్మ గేటు రెండు రెక్కలూ బార్లా తీసి నిలబడి ఉంది. దూసుకొచ్చే దినకర్ కోసమే ఆవిడ రెండో రెక్క తీసేది. వాడు పోయాక తీయడం ఇదే మొదలు.

వకుళ హెల్మెట్ మీద చెయ్యి వేసింది.

"తియ్యకే," అంది అమ్మ. "ఇంకొక్కసారి సందు చివరిదాకా వెళ్లి రా."