మేక మెడలో పట్టీ

పుల్లన్న తన మెడపట్టీ తీసి మేకకు కడుతున్నాడని పక్కింటి ఓబులమ్మ ఎవరితోనో అన్నదట. ఆ మాట చెవినపడితే పుల్లన్న భార్య చౌడమ్మ నవ్వి ఊరుకుంది.

అప్పటికి ఊళ్లో పట్టీ లేని మెడ లేదు. గొంతుకు రెండు పక్కలా మెదడుకు నెత్తురు మోసే నాళాలను అది కనిపెట్టుకుని ఉంటుంది. అవి పూడుకుపోతుంటే ఇంట్లో గోడమీది దీపం ఎర్రబడుతుంది. పుల్లన్న చుట్ట ముట్టించినప్పుడల్లా పట్టీ కసిరేది. "కసరడానికి ఇంట్లో పెండ్లాం ఒకతి చాలదా?" అని విసుక్కునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం అతను అన్నానికి రాలేదు. దీపం ఆకుపచ్చగానే ఉంది. చేలో పని తెమల్లేదు కాబోలనుకుని చౌడమ్మ సంగటి మీద మూతపెట్టింది.

పొద్దుగూకే వేళకు మేక ఒక్కటే ఇల్లు చేరింది. పట్టీ దాని మెడలో ఉంది.

పుల్లన్నను మోసుకొచ్చేసరికి ఒళ్లు చల్లబడింది, మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. ఊరికి పట్టీలు పంచిన నర్సు మెహరున్నీసా అతని మెడ తడిమి చూసింది.

"నాళం మూసుకుపోయింది అవ్వా. మధ్యాహ్నం చూసినా బతికేటోడు. అన్నానికి రాకపోతే చేనుకాడికి పోయి చూడొద్దా?"

చౌడమ్మ గోడవైపు చూసింది. దీపం ఇంకా ఆకుపచ్చగానే వెలుగుతోంది.

"దీపం చూస్తే చాలు, మనిషిని చూడ పన్లేదని చెప్పింది నువ్వే కదమ్మా."