బయటి పెన్‌డ్రైవు

"బయటి పెన్‌డ్రైవులు పెట్టేది లేదని చెప్తున్న గద కాకా," అంది సానియా. తాండూరులో ఆమె పనిచేసే డిజైన్ షాపులో, వైరస్ సోకి కిందటి వారమే పెళ్లికార్డుల డిజైన్లన్నీ పోయాయి.

పెన్‌డ్రైవు చాపిన శివశంకర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అమ్మ పోయింది బిడ్డా. ఆమె మంచి ఫోటో గిండ్లనే ఉంది. పొద్దుగూకేలోపు మా ఊరు యాలాల్‌ల ఫ్లెక్సీ కట్టాలె."

కాదనడానికి మనసొప్పక సానియా దాన్ని తన కంప్యూటర్‌కి పెట్టింది. తెరమీద ఎర్రగా హెచ్చరిక వచ్చింది. వెంటనే లాగేసింది.

"చూసిన్రా? ఏడేడనో పెట్టి ఈడికి తెస్తరు. మా పనంత ఆగమైతది."

"ఏడ పెట్టలే బిడ్డా. మా పిల్ల పెండ్లి ఫోటోలు ఏసి మీరే ఇచ్చిన్రు. అప్పటిసంది బీరువల్నే ఉంది."

సానియా దాన్ని తిప్పి చూసింది. వెనక తమ షాపు స్టిక్కరే ఉంది.

పెళ్లి ఫోటోలన్నీ మూలనున్న పాత కంప్యూటర్‌ నుంచే పెన్‌డ్రైవుల్లోకి ఎక్కిస్తారు. దొంగ సాఫ్ట్‌వేర్ నడవాలని అందులో యాంటీవైరస్ తీసేయించింది యజమాని ఖుద్దూసే.

ఆయన ఇప్పుడు దాని ముందే కూర్చున్నాడు. ఫోటోలు ఎక్కించిన పెన్‌డ్రైవును ఊడదీసి, ఎదురుగా నిలబడ్డ కొత్త పెళ్లికొడుకు చేతిలో పెడుతున్నాడు.

"జర పైలం," అంటున్నాడు. "ఏడపడితే ఆడ పెట్టకు. వైరస్ వస్తది."