వాయిదా తాత

"పది నిమిషాలు తాతా! ఒక్క పేరా మిగిలింది."

"ఐదైంది" అంటూ లైబ్రరీ అటెండరు ఫ్యాను ఆపేశాడు.

ఆమె లేచి వెళ్ళి మళ్ళీ వేసింది.

అతను ఆపాడు. ఆమె వేసింది. రీడింగ్ రూములో మిగిలినవాళ్ళు పుస్తకాలు మూసి తమాషా చూడసాగారు.

చివరికి అతనే తగ్గి, కిటికీలు మూయడానికి వెళ్ళాడు.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. లా కాలేజీ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. అందులో గొడవేమీ లేదు. గొడవల్లా ముప్పై దాటినవాళ్ళు ఆ పరీక్షకు పనికిరారన్న రూలుతోనే. పోయినేడు ఫారం పంపితే తిప్పి పంపారు.

"రాయనివ్వని పరీక్షకి ఈ కుస్తీ దేనికమ్మా?" కిటికీ గడియ పెడుతూ అడిగాడు అటెండరు.

"ఏదో ఒకరోజు ఆ రూలు పోతుంది. పోయాక పుస్తకం తెరిస్తే ఏం లాభం?"

అతను పకపకా నవ్వాడు. అతను అలా నవ్వగా అక్కడెవరూ అంతకుముందు చూడలేదు.

"లాయరే ఎందుకు కావాలి?"

"బట్టల ఫ్యాక్టరీలో పదేళ్ళు కుట్టాను. ఓరోజు సంతకం పెట్టమంటే పెట్టాను. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. నేను పెట్టింది నా రాజీనామా మీదట! ఇకమీద కాగితం నేను రాస్తా. సంతకం వాళ్ళు పెడతారు."

అతను ఆమె పుస్తకంలోకి తొంగిచూశాడు.

"ముందు ఎదుటివాడి వాదన రాసుకో. నీది తర్వాత."

"ఆహా! తమరు లా ఎక్కడ వెలగబెట్టారో?"

"చదవనివ్వలేదు" అంటూ తాళాల గుత్తి ఊపాడు. "ఇక లేమ్మా."

ఆ మనిషికి పేరంటూ ఒకటుందని ఎవరికీ తోచేది కాదు. అందరికీ వాయిదా తాతే. "ఆ ట్యూబ్‌లైటు రేపన్నా మారుస్తావా తాతా?" అంటే, "రేపా? రేపు వాయిదా" అనేవాడు. అన్నట్టే మర్నాడు కనిపించేవాడు కాదు. ఆ మర్నాడు వచ్చి మార్చేవాడు. పనిదొంగకి పేరు భలే కుదిరిందని అందరితోపాటు ఆమె కూడా నవ్వేది.

ఎండలు ముదిరాక ఒక ఉదయం ఆమె పేపరు పట్టుకుని పరుగున వచ్చింది.

"తాతా! రూలు కొట్టేశారు! ఎవరో మహానుభావుడు పదకొండేళ్ళు కోర్టులో ఒక్కడే కొట్లాడి గెలిచాడట!"

"ఎవరో ఏంటి? పేరు వేయలేదా?"

"వేశారులే. మనకేమన్నా తెలిసినవాడా?"

"లాయరు కావాలనుకునేవాళ్ళు పేరు కూడా చదవాలమ్మా."

"చదివాన్లే. నువ్వు మాత్రం నాకు చెప్పొచ్చావు! ఆయనదీ పట్టుదలంటే. నీకు ఒక్క ట్యూబ్‌లైటు మార్చడానికి మూడు రోజులు."

రీడింగ్ రూమంతా గొల్లుమంది. అతనూ నవ్వి, చీపురు తీసుకున్నాడు.

ఫారాలు మొదలైన రోజు ఆమె పెందలాడే వెళ్ళింది. లైబ్రరీకంతటికీ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు అప్పటికే వాయిదా తాత కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"లే తాతా, నీకేం పని దీంతో? నేను ఫారం నింపాలి."

"కూర్చో. నా పనైపోయింది."

పరీక్ష ఇంకా నెల ఉందనగా అతను రావడం మానేశాడు.

"ఈసారి పెద్ద వాయిదానే వేసినట్టున్నాడు" అంది ఆమె. ఏమయ్యాడని మాత్రం ఎవరినీ అడగలేదు. ఐదు దాటినా ఫ్యాను తిరుగుతోంది, అదే చాలనుకుంది.

పరీక్ష రోజున గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తల్లిదండ్రులు అవతల నిలబడాలమ్మా. లోపలికి పిల్లలే వెళ్ళాలి."

"నేనే ఆ పిల్లని. జరుగు" అని హాల్‌టికెట్ అతని ముక్కు ముందు పెట్టింది.

వాచ్‌మన్ హాల్‌టికెట్‌నీ ఆమెనీ రెండుసార్లు చూసి జరిగాడు.

హాల్లో ఆమెకు ముందున్న బల్ల దగ్గర ఎవరూ లేరు. ప్రశ్నలు కఠినంగానే ఉన్నాయి. ప్రతి పేరా పక్కనా ముందు ఎదుటివాడి వాదన రెండు ముక్కల్లో గీకింది. జవాబు దానంతటదే దొరుకుతోంది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ తాత చెప్పిన కిటుకు పనిచేస్తోంది. రేపు వెతుక్కుంటూ వెళ్ళయినా ఆ మాట చెప్పాలనుకుంది.

అరగంటకు ఇన్విజిలేటరు సంతకాల కాగితం తెచ్చింది.

"మీ ఫొటో పక్కన పెట్టండి."

ఫ్యాక్టరీ పోయిన దగ్గర్నుంచి ఆమె ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టదు. ఈసారి పేర్లు కూడా చదివింది. తన పేరుకు సరిగ్గా పైన ఉన్న పేరు ఎక్కడో చూసినట్టుంది. గుర్తొచ్చింది. పేపర్లో.

ఆ పేరు పక్కన ఫొటో. నెరిసిన మీసం, కళ్ళద్దాలు.

వాయిదా తాత.

ఇన్విజిలేటరు ఎర్ర కలంతో ఆ గడిలో 'గైర్హాజరు' అని రాయబోయింది.

"అలా రాయకండి!" ఆమె అరిచినంత పని చేసింది. హాలంతా తల తిప్పి చూసింది. "ఆయన వస్తారు. కాస్త ఆలస్యమైనా వస్తారు."

"రారమ్మా. పోయిన వారమే పోయారట, పేపర్లో వేశారు." ఇన్విజిలేటరు గొంతు తగ్గించింది. "రాయకపోతే ఎలా, రూలు కదా. నాకూ చెయ్యి రావట్లేదు. పదకొండేళ్ళలో ఈయన కోర్టులో ఒక్క వాయిదాకి కూడా గైర్హాజరు కాలేదట."