పేరు చెప్పని సినిమా

"డబ్బాలో వేసినాక వెనక్కి తీసేది లేదక్కా. ఆ రూలు పెట్టిన రోజు నువ్వూ చెయ్యెత్తినావు కదా," అన్నాడు షహబాజ్, బిస్కెట్ల డబ్బాను చంకలో గట్టిగా పెట్టుకుని.

"ఊరికే కాదప్పా. సౌండు సరిచేసి వచ్చే నెల ఇస్తా," అంది హెలెన్.

"అందరూ అదే చెప్తారు. పోయి కూచో."

ప్రొద్దుటూరులో షహబాజ్‌ది పెళ్లి వీడియోల దుకాణం. చుట్టుపక్కల ఊళ్లలో సొంతంగా సినిమాలు తీసుకునేవాళ్లంతా నెలకొక ఆదివారం మధ్యాహ్నం దాని మేడ మీద చేరతారు. ఈ సంఘానికి ఒక చాదస్తం ఉంది. సినిమా మీద తీసినవాళ్ల పేరు ఉండకూడదు. పెన్‌డ్రైవు ఎవరి కంటా పడకుండా డబ్బాలో వేయాలి. అందరూ చూసి, తిట్టేది తిట్టి, పొగిడేది పొగిడి, చేతులెత్తి ఒకదాన్ని ఎన్నుకున్నాకే తీసినవాళ్లు లేచి నిలబడాలి. పేరు తెలిస్తే మొహమాటం అడ్డొస్తుందట! ఆ మొహమాటం ఈ ఊళ్లలో ఎవరికుందో వాళ్లే చెప్పాలి.

పైగా ఈసారి ఎన్నికైన సినిమాను వచ్చే ఆదివారం టాకీసులో మ్యాట్నీకి ముందు ఊరందరికీ వేస్తారు. హెలెన్‌కు అదే గుబులు. జమ్మలమడుగులో టీచరమ్మ ఆమె. చర్చి నుంచి నేరుగా బస్సెక్కి వచ్చింది, అన్నం కూడా తినలేదు.

షహబాజ్ కిటికీలు మూసి మొదటి సినిమా వేశాడు. గండి క్షేత్రంలో ఒక శనివారం. పాపఘ్ని ఏట్లో స్నానాలు, తడిబట్టలతో గుడిమెట్లెక్కే జనం, పిల్లాణ్ణి భుజాన కూర్చోబెట్టుకుని గంట కొట్టించే తండ్రి. కన్నుల పండుగ్గా ఉంది.

పక్క కుర్చీలోంచి పులివెందుల శివప్రసాద్ వంగి, "పోయిన నెల గండిలో ఫోన్ పట్టుకోని తిరుగుతాంటే నిన్ను చూసినాలేక్కా. శానా బాగా వచ్చింది," అన్నాడు.

"గమ్మునుండప్పా. పేర్లెత్తకూడదు," అంది హెలెన్.

రెండో సినిమా మొదలైంది. ఒక వసారా. ఒక ముసలామె వీపు, శనక్కాయలు ఒలిచే చేతులు. ముఖం కనబడదు, కెమెరా కదలదు. ఆమె దగ్గర తచ్చాడే కోడిపెట్టతో మాట్లాడుతోంది.

"నీతోనే చెప్పుకోవాల నేను. నా కూతురు మంచిదే. యాళకు ఇంత ముద్ద పెడ్తాది. బడి నుంచి వచ్చి 'తిన్నావామ్మా' అంటాది. నేను నోరు తెరిచేలోపల తలుపేసుకుంటాది. రాత్రి వాళ్ల నాయన కలలోకి వచ్చినాడని దానికి చెప్పాలని పొద్దున్నుంచి చూస్తాండా. ఏమే, నువ్వన్నా వింటాండావా?"

కోడి గింజ ముక్కున కరుచుకుని పోయింది. సినిమా అయిపోయింది.

లైటు వేశారు. ముందు వరుసలో కూర్చున్న అనురాధ ముక్కు తుడుచుకుంటూ లేచి, "మా యమ్మకు ఒక ఫోన్ చేసొస్తా," అని బయటికి పోయింది.

"ఆ కూతురు నా చేతికి దొరకాల!" అన్నాడు శివప్రసాద్.

హెలెన్‌కు ఒళ్లు మండింది. "ఏంది అందరూ ఇట్లయిపోయినారు? కదలని కెమెరా, కనపడని ముఖం. దీన్ని సినిమా అంటారా? గండిది చూడండి, ఎంత కష్టపడి తీసినారో!"

"సొంత బిడ్డను ముద్దు చేసుకుంటాండావు," అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

హెలెన్ షహబాజ్ వైపు తిరిగింది. "ఆయమ్మకు తెలీకుండా తీసినారు. తప్పు కాదా? టాకీసులో ఊరంతా వింటే ఆ ఇంటి పరువేం కావాల?"

"తెలిసి తీస్తే ఆ మాటలు వస్తాయా అక్కా?" అన్నాడు షహబాజ్.

"రాకపోతే రాకపోనీ! ఒక మనిషి మనసులో బాధ మనకు తమాషానా?" అంది హెలెన్.

"ఓడిపోతానని ఇంత భయమైతే ఎట్లక్కా," అన్నాడు శివప్రసాద్, జాలిపడుతూనే.

చేతులెత్తమన్నారు. గండికి అందరికంటే ముందు హెలెన్ చెయ్యి లేచింది. తోడు ఒకటి రెండు లేచాయి, అంతే. వసారా సినిమాకు మిగతా చేతులన్నీ లేచాయి. హెలెన్ తల దించుకుంది.

"తీసినోళ్లు లేయండప్పా. ఆ పెద్దామె ఎవరో కూడా చెప్పండి," అన్నాడు షహబాజ్.

ఎవరూ లేవలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. షహబాజ్ మళ్లీ పిలిచాడు.

"ఇట్ల ఎప్పుడూ కాలేదే! సరే, దిక్కులేని సినిమాను టాకీసుకు ఎట్ల పంపుతాం? దాన్ని పక్కన పెట్టేస్తాం. గండిదే పోతాది."

"నీ పంట పండిందిలే అక్కా!" అంటూ శివప్రసాద్ చెయ్యి కలపబోయాడు.

హెలెన్ చెయ్యి చాపలేదు. కోరుకున్నది జరిగింది. ఇంకాసేపు గమ్మున కూర్చుంటే చాలు, బస్సెక్కి ఇంటికి పోవచ్చు.

అప్పుడే అనురాధ ఫోన్ చేతిలో పట్టుకుని లోపలికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నా ముఖం తేటపడింది. సంగతి విని వాకిట్లోనే ఆగిపోయింది.

"పక్కన పెట్టేస్తారా? అయితే ఆ ముసలామె మాట మళ్లా ఎవరూ వినకుండా పోవాల్సిందేనా? ఇంతకీ ఎవరామె?"

"మా అమ్మ. గండిది కాదు, ఇదే నేను తీసింది," అంటూ హెలెన్ లేచి నిలబడింది.