మూడు గిన్నెలు

"కొయ్యరా. చూస్తావేం?" అన్నాడు ఓనొరా, మంచం మీంచి చెయ్యి చాపి.

కొడుకు బర్తెలెమి తండ్రి మోచేతి పైన గుడ్డపట్టీ బిగించాడు. నరం తేలింది. కత్తి మాత్రం పెట్టలేక నిలబడిపోయాడు. పక్కన బల్లమీద తగరపు గిన్నెలు మూడు ఉన్నాయి. గోడవారగా క్షురవైద్యుల సంఘం పెద్దలు ముగ్గురు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

ఆ ఊళ్ళో గడ్డం గీసేదీ, పన్ను పీకేదీ, నెత్తురు తీసేదీ ఒకటే చెయ్యి. ఆ చేతికి మేస్త్రీ పట్టా కావాలంటే సంఘం ఎదుట ఒక మేస్త్రీకి నెత్తురు తీసి చూపించాలి. ఓనొరాకి జ్వరం పట్టుకుని అయిదు రోజులైంది. ఎలాగూ తీయాల్సిన నెత్తురే కదా, కుర్రాడి పరీక్షా అయిపోతుందని పెద్దలు మధ్యాహ్నం భోజనాలు కానిచ్చి వచ్చేశారు.

"కంచంలో మాంసం కోసేటప్పుడు ఆగని చెయ్యి ఇప్పుడు ఆగిందేమిరా అబ్బాయీ?" అన్నాడు సంఘపెద్ద ఇస్నార్.

ఎందుకాగిందో ఆయనకీ తెలుసు. బర్తెలెమి చదువుల పట్నంలో రెండేళ్ళుండి పోయిన నెలే వచ్చాడు. వచ్చిన రోజే దుకాణంలో నలుగురి ముందూ నోరు జారాడు. తిన్న తిండితో కాలేయం రోజూ కొత్త నెత్తురు వండుతుందనడం అబద్ధమట. ఉన్న నెత్తురే గుండెలోంచి వెళ్ళి మళ్ళీ గుండెకే వస్తుందట. అరగంటలో గుండె తోసే నెత్తురంత తిండి, మనిషి రోజంతా తిన్నా తినలేడట. అంచేత తీసిన నెత్తురు తెల్లారేసరికి ఊరేది కాదు, పోయింది పోయినట్టేనట.

అప్పుడు ఓనొరా మంగలికత్తి తోలుపట్టీకి రాస్తూ, "తిరుగుబోతు కొడుకుల్ని చూశాను గాని, తిరుగుబోతు నెత్తుర్ని చూళ్ళేదయ్యా" అన్నాడు. దుకాణమంతా పడి పడి నవ్వింది. ఆ రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గాయి.

"మొన్న భూమి తిరుగుతుందన్నారు. ఇవాళ ఒంట్లో నెత్తురట" అన్నాడు ఇస్నార్ పక్కవాళ్ళతో. "మా తాతలు నమ్మిందొక్కటీ నిలబడనివ్వరు కాబోలు ఈ చదువుకున్నాళ్ళు." ఆ మాటలో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది.

ఇవాళ కత్తి పెట్టనంటే దుకాణం గుర్తుగా గుమ్మానికి వేలాడే ఇత్తడి పళ్ళెం రేపు దిగిపోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"ఒక్క గిన్నె చాల్లే, ఇస్నార్. ముసలి ఒళ్ళు" అన్నాడు ఓనొరా.

"ఊళ్ళోవాళ్ళకి మూడేసి తీసి, నీ ఒంటికొచ్చేసరికి బేరమా? ఇలాంటి జ్వరానికి మూడని పెద్దలు రాసి పెట్టారు. తగ్గిస్తే అది పరీక్షా కాదు, వైద్యమూ కాదు."

మిగతా ఇద్దరూ నవ్వారు. ఓనొరా నవ్వలేదు. తలగడ మీద తల మెల్లగా కొడుకు వైపు తిప్పాడు.

"నువ్వు చెప్పరా. ఎన్ని?"

పుట్టి బుద్ధెరిగాక తండ్రి అతన్ని ఒక సలహా అడగడం అదే మొదటిసారి. ఒక్కటి కూడా వద్దు నాన్నా అనే మాట బర్తెలెమి నాలుక చివరిదాకా వచ్చింది. సంఘం ముందు, సొంత ఇంట్లో, నలభై ఏళ్ళుగా మేస్త్రీగా ఉన్నవాణ్ణి కన్నకొడుకు కాదనడమా? జ్వరం తగ్గాక ఆ మొహం ఎలా చూడాలి? పైగా ఈ గదిలోవాళ్ళే రేపు తనకి పట్టా ఇవ్వాలి.

"మూడు" అన్నాడు నేల చూస్తూ.

"సరే" అని ఓనొరా కళ్ళు మూసుకున్నాడు.

మొదటి గిన్నె త్వరగానే నిండింది. రెండోది నెమ్మదిగా నిండింది. మూడోది చుక్క చుక్కగా పడుతుంటే ఇస్నార్ ముందుకొచ్చి, చెయ్యి ఎలా పిండాలో దగ్గరుండి చూపించాడు. కుర్రాడిది మంచి చెయ్యని పెద్దలు మెచ్చుకుని, తలో గ్లాసు ద్రాక్షసారా తాగి వెళ్ళారు.

సాయంత్రం ప్రార్థన గంట కొట్టకముందే ఓనొరా పోయాడు. సమాధి దగ్గర ఇస్నార్ బర్తెలెమి భుజం మీద చెయ్యి వేసి, జ్వరం మొండిది, నాలుగోది కూడా తీయాల్సింది అని బాధపడ్డాడు. ఆ చేత్తోనే పట్టా ఇచ్చాడు.

నాలుగో రోజు పొద్దున బర్తెలెమి తండ్రి తోలు ముందుగుడ్డ కట్టుకుని దుకాణం తెరిచాడు. తను కాదంటే నాన్న ఇంకో మేస్త్రీని పిలిపించి తీయించుకునేవాడే, ఆయన నమ్మకమే ఆయన్ని తీసుకుపోయింది అని రాత్రంతా తనకి తాను చెప్పుకున్నాడు. కొంచెం నమ్మాడు కూడా.

దొడ్డి తలుపు ఎవరో తట్టారు. తీస్తే మాంసం కొట్టు గియ్‌మెత్ నిలబడి ఉంది. చేతిలో మూత పెట్టిన చెంబు ఉంది.

"ఆయన మంచం పట్టినప్పటి నుంచీ ఈ తలుపు ఎవరూ తీయలేదు బాబూ. ఇక మీకివ్వమంటారా, మానెయ్యమంటారా?"

మూత తీశాడు. నిండా నెత్తురు, ఇంకా వెచ్చగా ఉంది.

"లేగదూడది. మీ నాన్నగారికి రోజూ పొద్దున్నే ఒక చెంబు ఇస్తుండేదాన్ని."

"దేనికి?"

గియ్‌మెత్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఇంకెందుకు బాబూ, జబ్బుమనిషి నెత్తురు తీశానని ఇంటివాళ్ళకి చూపించడానికి. తీసిన నెత్తురు పోయింది పోయినట్టేనని మీరు పట్నం నుంచి మొదటి ఉత్తరం రాశారే, ఆ మర్నాటి నుంచీ ఆయన ఎవరి ఒంట్లోంచీ ఒక్క చుక్క తీయలేదు."