ఆగుబాబు తాత

"ఆగు బాబూ! ఒక్క రెండు నిమిషాలు!"

మొదలెట్టాడురా దేవుడా, అనుకున్నాడు డ్రైవరు.

టీ కొట్టు దగ్గరికి రాగానే ఆ ముసలాయన లేచి నిలబడి బస్సు ఆపించడం రోజూ ఉండే తంతే. కొట్టు దాటితే కొండ మలుపు. మలుపు పక్కనే పైనుంచి సన్నటి నీటి ధార దూకుతుంటుంది. దాన్ని చూడందే ఆయనకి పొద్దు గడవదు. పోనీ తనొక్కడే చూస్తాడా అంటే, ఊహూ! బస్సులో అందరూ దిగాల్సిందే.

"చూడండమ్మా, ఆ రాళ్ళ సందుల్లో పసుపు పూలు! నిన్న లేవు."

"కాస్త గాలి పీల్చండయ్యా. తడిసిన గడ్డి వాసన. కొందామన్నా దొరుకుతుందా?"

ఏదో పనుండి వెళ్తాడా అంటే అదీ లేదు. పొద్దున్నే బస్సెక్కి కొండ మీది ఆఖరి స్టాపుదాకా వెళ్ళడం, అదే బస్సులో దిగి రావడం. జనం ఆయనకి ఆగుబాబు తాత అని పేరు పెట్టేశారు.

మామూలు రోజుల్లో రెండు నిమిషాలతో వదిలేసేవాడు. వానాకాలంలో ఒక్కోరోజు మాత్రం పట్టుకుంటే ఉడుం పట్టే. అందరికీ తన ఖర్చుతో టీ పోయించి, అది తాగాక ఇంకో టీ అంటూ అరగంట కదలనిచ్చేవాడు కాదు.

డ్రైవరు కొత్తవాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో నెలలు నిండిన భార్య. బస్సు ఆలస్యంగా నడిపినందుకు ఇప్పటికే మూడు మెమోలు.

"ఇంకొక్క మెమో వచ్చిందా, ఇంటికే," అని నిన్ననే మేనేజరు తెగేసి చెప్పాడు.

ఇవాళేమో తెల్లారినప్పటి నుంచీ కుండపోత. బయల్దేరడమే పది నిమిషాలు ఆలస్యం. గోరుచుట్టు మీద రోకటి పోటులా ఈయనొకడు.

"దిగండి, దిగండి! అందరికీ టీ!" తాత అప్పుడే కిందికి దిగిపోయాడు. తొందరలో గొడుగు సీట్లోనే వదిలేశాడు.

ఎవరూ కదల్లేదు.

"ఇంత వానలో ఏం చూస్తాం తాతగారూ?" ముందు సీట్లో టీచరమ్మ విసుక్కుంది.

"కొండని చూడమ్మా. కడిగి పెట్టినట్టు ఎంత బాగుందో!"

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏముంది చూడ్డానికి? ఇవాళ ఆ ధార కూడా లేదు!"

"అందుకే బాబూ. అది వచ్చేదాకా ఆగుదాం."

బస్సంతా గొల్లున నవ్వింది.

డ్రైవరుకి ఒళ్ళు మండిపోయింది. "మీకు చెలగాటం, నాకు ప్రాణసంకటం! మీరు చూస్తూ కూర్చోండి!"

తలుపు మూసి బస్సు కదిలించాడు.

అద్దంలో తాత కనిపించాడు. చేతులూపుతూ, ఒక కాలి చెప్పు ఊడిపోయినా చూసుకోకుండా వెనకాలే పరిగెత్తుకొస్తున్నాడు.

"ఆగు బాబూ! ఆగు!"

"గొడుగు కోసం కాబోలు పాపం," అన్నారెవరో. మళ్ళీ నవ్వులు.

మలుపు తిరిగి వంద గజాలు పోయారో లేదో, వెనక పెద్ద చప్పుడు. బస్సు మొత్తం అదిరింది. నీళ్ళూ బురదా బండరాళ్ళూ కలిసి వచ్చి మలుపుని మింగేశాయి.

అద్దంలో రోడ్డు లేదు. తాత లేడు.

"ఆయన మాట విని ఆగుంటే మన గతేంటి నాయనా? నీ వల్ల బతికాం," అంటూ టీచరమ్మ డ్రైవరు చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

ఆఫీసులోనూ అదే మాట. ముప్పై ప్రాణాలు కాపాడాడన్నారు. వారం తిరక్కుండా పర్మనెంటు కాగితం చేతికొచ్చింది. భార్య దాన్ని కళ్ళకద్దుకుంది.

రోడ్డు బాగుచేశాక డ్రైవరు గొడుగు పట్టుకుని టీ కొట్టుకి వెళ్ళాడు. కొట్టు నడిపే ఆవిడ స్టవ్ దగ్గర ఉంది.

"అక్కా, ఇది తాతగారిది. వాళ్ళవాళ్ళెవరైనా ఉంటే..."

"ఎవరున్నారు గనక!" ఆవిడ గొడుగు అందుకోలేదు. "ఎందుకయ్యా ఆగలేదు? ఇక్కడ ఆగుంటే ఏమయ్యేది? నా కొట్టు మీద ఒక్క రాయైనా పడిందా?"

డ్రైవరు చూశాడు. గాజు గ్లాసులు ఎప్పటిలాగే వరసగా ఉన్నాయి.

"వాన కురుస్తుండగా ధార ఆగిపోయిందంటే, పైన ఎక్కడో అడ్డుపడి నీళ్ళు నిండుతున్నాయనే కదా? అలాంటి రోజుల్లోనే ఆయన టీలు పోయించి మిమ్మల్ని కట్టిపడేసింది."

అవును. అరగంట ఆగిన రోజులన్నీ ధార లేని రోజులే.

"ఆ ముక్క చెప్పొచ్చు కదక్కా! చెబితే ఆగనా?"

"చెప్పాడయ్యా మొదట్లో. పదిసార్లు చెబితే తొమ్మిదిసార్లు ఏమీ కాలేదు. జనాన్ని బెదరగొడుతున్నావు, బస్సెక్కనివ్వం పొమ్మన్నారు మీ ఆఫీసువాళ్ళే. అప్పట్నుంచీ పూలూ గడ్డీ చూపించి ఆపడం నేర్చుకున్నాడు. అంతకుముందు ఈ కొండని కన్నెత్తి చూసిన మనిషి కాదు."

"అయినా ఆయనకెందుకక్కా ఇంత తాపత్రయం?"

ఆవిడ స్టవ్ ఆర్పేసింది.

"ముప్పై ఏళ్ళ కిందట ఈ రూట్లో బస్సు నడిపింది ఆయనే. ఇలాగే వాన, ఇలాగే ధార లేదు. మా అమ్మ ఈ కొట్టులోంచే చెయ్యెత్తి ఆగమంటే ఆగలేదు. ఆ బస్సులో వెళ్ళినవాళ్ళలో ఆయనొక్కడే తిరిగొచ్చాడు."

ఆవిడ గొడుగు వైపు చూసి అంది:

"అప్పటికి ఆయనకీ ఉద్యోగం పర్మనెంటు కాలేదు."