ఎనభై ఎనిమిదో అధికరణం

నాలుగు వాటాలకీ కలిపి మరుగుదొడ్డి ఒకటే. వాడాక గుంటలో గుప్పెడు బూడిద చల్లి, చెక్క మూత వేసి రావాలి. మూడు వాటాల వాళ్ళు వేసేవారు. నాలుగో వాటా టోంబేగారు వేసేవారు కాదు. ఆయన రాజ్యాంగ సభ సభ్యులు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నలభై రోజులైంది. టోంబేగారికి 'ఆనరబుల్' అన్న పిలుపు వచ్చి ముప్పై ఎనిమిది రోజులు. అప్పట్నుంచి ఆయన వంగడం మానేశారు. మూత వెయ్యాలంటే వంగాలి.

కిడెన్ తల్లితో మూడో వాటాలో ఉంటోంది. సభ కార్యాలయంలో టైపిస్టు. పొద్దున్నే ఆయన తర్వాత వంతు ఆమెది. తలుపు తీయగానే ఈగలు గుంపుగా లేచి మొహానికి కొట్టేవి. గుంటలోకి చూడకూడదనుకుంటూనే చూసేది. ఆ ఈగలే తిన్నగా వంటింట్లోకొచ్చి కిస్రా రొట్టెల మీద వాలేవి. ఆ నెలలో తల్లికి రెండుసార్లు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి.

"మూడోసారి వస్తే ముసలి ప్రాణం తట్టుకోలేదు. మందులు తర్వాత, ముందు ఆ ఈగల సంగతి చూడు" అన్నాడు డాక్టరు.

ఆదివారం మూడు వాటాల వాళ్ళూ కూర్చుని ఒక కట్టుబాటు రాసుకున్నారు. కిడెన్ టైపు చేసింది. "ఆయన ఇప్పుడు పెద్దమనిషి. కాస్త మర్యాదగా రాయమ్మా" అన్నాడు మొదటి వాటా పిటియా మాస్టారు. మర్యాదగానే రాసింది. మూడు సంతకాలయ్యాక కాగితం పట్టుకుని నాలుగో వాటాకి వెళ్ళింది.

టోంబేగారు అరుగు మీద ఎర్రటి కర్కదే పూల టీ తాగుతున్నారు.

"ఏంటమ్మాయ్ ఇది?"

"మన నాలుగు వాటాలకీ కట్టుబాటు బాబాయ్. మీదొక్క సంతకమే తక్కువ."

"దేశానికి కట్టుబాట్లు రాసేవాణ్ణి. నాకు నువ్వు రాస్తావా?"

"అమ్మకి ఒంట్లో బాగోలేదు బాబాయ్. ఆ ఈగలూ..."

"స్వాతంత్ర్యం వాటికి మాత్రం రాలేదేంటి!" అని తన జోకుకి తనే నవ్వారు. వాళ్ళావిడ కూడా నవ్వింది. "మా ఆనరబుల్‌కి ఎంత చమత్కారమో!"

"పెట్టి వెళ్ళు. తీరిగ్గా చదువుతా" అన్నారు ఆయన.

తీరిగ్గా చదివే చోటు ఆయనకి ఒక్కటే. మర్నాడు పొద్దున్న ఆ కాగితం కిడెన్‌కి గుంట అంచున కనిపించింది. వాడి పారేసిన కాగితం. పక్కనే ఇంకో కాగితం. అదీ తను టైపు చేసిందే. ముసాయిదా రాజ్యాంగం, ముప్పై ఒకటో పేజీ. అందులో పౌరుల హక్కులు సగం వరకే కనబడుతున్నాయి. మిగతా సగం గురించి ఆలోచించకుండా ఉండటానికి ఆమెకి ఆ రోజంతా పట్టింది.

ఆఫీసులో సభ కార్యదర్శి తల పట్టుకుని ఉన్నాడు. "శుక్రవారం ఆమోదం. రేపటికల్లా తుది ప్రతి నా బల్ల మీదుండాలి."

"సరిచూసేదెవరండీ?"

"ఎవరేంటి? సభ్యులు! రెండొందలమంది ఉన్నారు. నాలుగొందల కళ్ళు."

కిడెన్ వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. అప్పుడు టైపుకి కూర్చుంది.

శుక్రవారం సభలో ఆమెకి ఓ మూల కుర్చీ వేశారు, సవరణలు రాసుకోవడానికి. మొదటి రెండు గంటలూ జాతీయ ముద్రలో కొంగ ఎటు చూడాలన్న దానిమీద చర్చ జరిగింది. ఎడమ వైపంటే దరిద్రమని కొందరు వాకౌట్ చేసి, టీ తాగి వచ్చారు. తర్వాత గ్రూపు ఫొటోలో ముందు వరస ఎవరిదన్న దానిమీద ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. ఉక్కపోతకి అందరూ రాజ్యాంగంతో విసురుకున్నారు. ఒక్క పేజీ తిరగలేదు గానీ గాలి మాత్రం బాగా వచ్చింది.

అధ్యక్షుడు గొంతు తగ్గించాడు. "ఒక్క సవరణైనా లేకపోతే మనం చదవలేదనుకుంటారయ్యా పత్రికలవాళ్ళు. ఎవరో ఒకరు లేవండి."

టోంబేగారు లేచారు. చేతిలో పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడ వేలు పెట్టారు. కిడెన్ చేతిలో కలం ఆగిపోయింది.

"అధ్యక్షా! ఎనభై ఎనిమిదో అధికరణం 'దయచేసి' అని మొదలవుతోంది. దయచేసి ఏంటి అధ్యక్షా? రాజ్యాంగం బతిమాలుతుందా? ఆజ్ఞాపించాలి! ఆ మాట కొట్టెయ్యండి. పాటించనివాడు ఎంతటివాడైనా శిక్ష పడాలని చేర్చండి!"

సభ బల్లలు చరిచింది.

"మిగతాది కూడా చదవమంటారా అధ్యక్షా?"

"అక్కర్లేదు. వేటమాంసం చల్లారిపోతోంది."

సవరణతో సహా రాజ్యాంగం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. వరసలో నిలబడి అందరూ సంతకాలు చేశారు. అంతకన్నా తొందరగా భోజనాల వరసలో నిలబడ్డారు. కిడెన్ సవరణని గుండ్రటి అక్షరాలతో శ్రద్ధగా రాసుకుంది.

పది రోజులకి పుస్తకాలు అచ్చయి వచ్చాయి. ఆ మర్నాడు పొద్దున్న టోంబేగారు పాత పేపరు పట్టుకుని వచ్చేసరికి, కిడెన్ మరుగుదొడ్డి తలుపుకి నడుమెత్తులో కాగితం అంటిస్తోంది.

"మళ్ళీ తయారయ్యావూ? సంతకం పెట్టేది లేదని చెప్పలా?"

"పెట్టారు బాబాయ్."

"ఎప్పుడు?"

"భోజనాలకి ముందు."

టోంబేగారు కళ్ళజోడు సవరించుకుని, ఆనరబుల్ అయ్యాక మొదటిసారి వంగి, కొంగ బొమ్మ కింద అచ్చక్షరాల్లో ఉన్నది చదివారు: "అధికరణం 88. మరుగుదొడ్డి వాడిన ప్రతి ఒక్కరూ బూడిద చల్లి, మూత వేసి రావాలి. పాటించనివారు ఎంతటివారైనా శిక్షార్హులు."